గని గేటు దగ్గర ముక్కుపుడక

నూకరాజు చేతులు చూస్తే చాలు, అతని ఉద్యోగమేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో వ్యాగన్ల కింద దూరి, చక్రాల ఇరుసు పెట్టెల్లో నూనెలో నానబెట్టిన నూలు పీచు కూరడం అతని పని. ఆ పీచు ఎండిపోతే ఇరుసు వేడెక్కి ఎర్రబడుతుంది, నడిచే బండి అంటుకుంటుంది. అంచేత పంతొమ్మిదో ఏట షాపులో చేరిన దగ్గర్నుంచీ అతని చేతులు మోచేతుల దాకా నల్ల జిడ్డులోనే. గోళ్ళ మొదళ్ళలోనూ అరచేతి గీతల్లోనూ ఆ నలుపు ఇంకిపోయింది. బూడిదతో తోమినా, కుంకుడుకాయ రుద్దినా, కిరసనాయిలు పోసి కడిగినా ఒదిలింది కాదు.

"నీ జిడ్డు సెయ్యి నా మొకం కాడికి తేకు మావా. రవ్వ మసకబారిపోద్ది," అనేది భార్య చిలకమ్మ.

రవ్వ అంటే ఆమె ముక్కుపుడకలో రాయి. పెళ్ళిలో నూకరాజు పెట్టింది. మథురాకాటి క్వార్టర్సులో ఏ ఫిట్టర్ పెళ్ళానికీ వజ్రం ముక్కుపుడక లేదు, చిలకమ్మకుంది. పంపు దగ్గర బిందె పెట్టి ఆమె మొహం ఇటు తిప్పిందంటే ఎండ ఆ రాయి మీద పడాల్సిందే, మిగతా ఆడవాళ్ళు చూడాల్సిందే. అంత గర్వం. పాపం, గర్వపడడానికి ఆమెకు అదొక్కటేగా ఉంది.

నూకరాజుకి మాత్రం రెండు పేర్లున్నాయి. షాపులో నూనె నూకరాజు. షాపు బయట టూరు నూకరాజు. రెండో పేరు ఎలా వచ్చిందో చెప్పాలి.

రైల్వేవాళ్ళకి ఏటా పాసులొస్తాయి. ఖరగ్‌పూర్‌లోని మన తెలుగువాళ్ళు ఆ పాసుల మీద ఊరెళ్ళి పెళ్ళిళ్ళకీ చావులకీ తలచూపి వస్తారు, మొక్కులుంటే పూరీయో సింహాచలమో వెళ్ళొస్తారు, మిగిలిన పాసు గడువు తీరి చిత్తుకాగితమవుతుంది. పంతొమ్మిది వందల యాభై ఏడులో నూకరాజు అలా మిగిలిన పాసు మీద ఏమీ తోచక సంబల్‌పూర్ వెళ్ళి హీరాకుడ్ ఆనకట్ట చూశాడు. చూసి అక్కడే కట్ట మీద కూలబడిపోయాడు. అటు చూస్తే సముద్రం, ఇటు చూస్తే మనిషి కట్టిన కొండ! సిమెంటు తట్టలు మోసిన కూలీ ఒకడు పక్కన బీడీ కాల్చుకుంటూ కనబడితే, లేచి వాడికి రెండు చేతులా దండం పెట్టాడు. వాడు పిచ్చివాడనుకుని అవతలికి జరిగి కూర్చున్నాడట.

తిరిగొచ్చి నెల్లాళ్ళు ఆ మాటే. ఎవరూ నమ్మకపోతే, "మాటలెందుకురా, పదండి సూపిస్తాను," అని మరుసటి ఏడు పదకొండు మందిని వెంటబెట్టుకెళ్ళాడు. అక్కణ్ణుంచి అదే వ్యసనం. భిలాయీలో ఇనుము నీళ్ళలా పారడం చూపించాడు. ఝరియాలో బొగ్గు చూపించాడు. గుళ్ళ జోలికి పోడు. "దేవుణ్ణి మీరే ఎల్లి సూసుకోండి. ఆయనెక్కడికీ పోడు. నాను పని సూపిస్తాను," అనేవాడు. ఎక్కడికెళ్ళినా అతనిది ఒకటే పద్ధతి. ఆఫీసర్ల ప్రసంగం అయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, తర్వాత ఆ చోట అన్నిటికన్నా మురికి పని చేసేవాడెవడో అడిగి తెలుసుకుని, వాడి దగ్గరికెళ్ళి దండం పెట్టేవాడు. కూడా వచ్చినవాళ్ళందరి చేతా పెట్టించేవాడు.

ఈ టూర్లు తేరగా అయ్యేవి కావు. అనుమతి కోసం ఇంగ్లీషులో ఉత్తరం వెళ్ళాలి. ఖరిదా బజారులో కాగితాలూ కలాలూ అమ్మే రాధాకృష్ణమూర్తి గారు గోదావరి వైపు మనిషి, చదువుకున్నవాడు. ఉత్తరాలన్నీ ఆయనే రాసేవాడు. జవాబు వచ్చాక పేర్ల జాబితా, అందరికీ ఒకే తేదీకి పాసులు, ఫోర్‌మన్ దగ్గర అందరికీ ఒకేసారి సెలవు, స్టవ్వు, బియ్యం, చింతపండు, పసిపిల్లల పాలడబ్బా. బయల్దేరే రోజు ప్లాట్‌ఫారం మీద జాబితా పట్టుకుని నూకరాజు కేకలేస్తుంటే టికెట్ కలెక్టర్లు కూడా పక్కకి తప్పుకునేవాళ్ళు.

చిలకమ్మ ఒక్క టూరుకీ రాలేదు. "పని సూడ్డానికి రైలెక్కాలేటి? ఇంట్లో నాను సేస్తన్నాను, కూకోని సూడు," అనేది.

అరవై తొమ్మిదిలో ఒకనాడు రాధాకృష్ణమూర్తి పేపరు చదువుతూ, "ఏమండీ నూకరాజు గారూ, పన్నా దగ్గర సర్కారు వారు వజ్రాలు తవ్విస్తున్నారటండీ. యంత్రాలు పెట్టి మరీ," అన్నాడు.

నూకరాజుకి ఒళ్ళు జలదరించింది. వజ్రం! రాజుల కిరీటాల్లో ఉండేది, దొరలు ఎత్తుకుపోయేది. దాన్ని కూడా ఎవడో కూలి పనివాడు, నిక్కరేసుకుని, నెల జీతానికి తవ్వి తీస్తున్నాడన్నమాట! ఆ పని చూడకుండా చచ్చిపోతే ఎలా? "రాయండి బాబూ, ఇప్పుడే రాయండి," అన్నాడు.

ఉత్తరం డబ్బాలో పడేశాక, ఇంటికి నడుస్తుంటే, మథురాకాటి మలుపు దగ్గర అతనికి చిలకమ్మ గుర్తొచ్చింది. గుండెలో రాయి పడింది.

ఎందుకంటే ఆ ముక్కుపుడకలో ఉన్నది వజ్రం కాదు. గాజు.

ముప్పై తొమ్మిదిలో సంగతి. పెళ్ళికి ఊరెళ్ళే ముందు నూకరాజు గోల్ బజారులో ఒక చిల్లర సరుకులవాడి దగ్గర బంగారు కట్టుతో ఆ పుడక కొన్నాడు. బంగారం నిజమే, రాయి గాజు. వాడూ దాచలేదు, ఇతనూ అడగలేదు. కానీ పెళ్ళిలో, పందిట్లో పదిమంది మధ్య, చిలకమ్మ మేనత్త పుడక చేతిలో పెట్టుకుని, "ఇదేటి అబ్బాయా, తెల్లరాయేనా?" అని మూతి విరిచింది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, ఖరగ్‌పూర్ నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగినవాడు. "రవ్వండి, అసలు వజ్రం," అనేశాడు. అంతే, ఒక్క మాట. తెరచాటున ఆ మాట విన్న పెళ్ళికూతురు తలెత్తి అతని వైపు చూసిన చూపు చూశాక ఇంక వెనక్కి తీసుకోవడం అతని వల్ల కాలేదు.

నిజం రాయి కొని మార్చేద్దామని ఏటా అనుకున్నాడు. పిల్లలు పుట్టారు, జ్వరాలొచ్చాయి, కూతురి పెళ్ళయింది. ఈలోపు పుడక మర ముక్కులో బిగిసిపోయి, చుట్టూ కండ పెరిగి, చిలకమ్మ మొహంలో భాగమైపోయింది. అరవైలో సమ్మె తర్వాత నాలుగు నెలలు ఇంటికి జీతం రాలేదు. అప్పుడు చిలకమ్మ తనంతట తానే, "రవ్వ అమ్మీ మావా, మర కోయించీ, పిల్లలకి తిండి గావాల," అంది. "సస్తే అమ్మను," అన్నాడు నూకరాజు. మర్నాటి నుంచి గోల్ బజారు గోదాముల్లో బియ్యం బస్తాలు మోశాడు. నాలుగు నెలలు. వీపు తోలు లేచిపోయింది. చిలకమ్మ రోజూ సాయంత్రం ఆ వీపుకి ఆముదం రాస్తూ ఏడ్చేది. తర్వాత ఆ కథ ఆమె చెప్పని ఇల్లు క్వార్టర్సులో లేదు. నా రవ్వ కోసం మా మావ బస్తాలు మోసినాడు, అని.

ఆ కథ విన్నప్పుడల్లా నూకరాజు లేచి బయటికి పోయేవాడు. అందరూ సిగ్గనుకునేవాళ్ళు.

గని సంగతి ఆమెకి చెప్పకూడదనుకున్నాడు. కానీ కమ్మరి షాపులో పనిచేసే దేముడు ఉన్నాడు చూశారూ, అతని స్నేహితుడు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రం టీకి వచ్చి, "ఏటొదినా, ఈసారి మీ ఆయన మమ్మల్ని వజ్రాల గనికే తీసుకెల్తన్నాడంట!" అన్నాడు.

చిలకమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "వజ్రాలకి గని ఉంటాదేటి?"

"మట్టిలోంచి తవ్వుతారంట."

"అయితే నానొస్తాను," అంది చిలకమ్మ. "నా రవ్వ పుట్టిన సోటు నాను సూడాల."

పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో చిలకమ్మ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఎలా కాదంటాడు? గని వాళ్ళ నుంచి జవాబు రాకపోతే బాగుణ్ణని మొట్టమొదటిసారి నూకరాజు కోరుకున్నాడు. మళ్ళీ రాత్రి పడుకుంటే ఆ గనే కళ్ళల్లో కదిలేది. రావాలనీ రాకూడదనీ. నాలుగు ఉత్తరాలయ్యాక డెబ్భై జనవరిలో జవాబు వచ్చింది. ఫిబ్రవరిలో రండి, ఇరవై మందికి మించకూడదు, లోపలికొచ్చేవాళ్ళు రాళ్ళు పొదిగిన నగలేవీ వెంట తేకూడదు.

ప్లాట్‌ఫారం మీద నూకరాజు, రాధాకృష్ణమూర్తి తెలుగులో రాసిచ్చిన ఆ ఆఖరి షరతు రెండుసార్లు గట్టిగా చదివాడు. ఆడవాళ్ళు రాళ్ళ దుద్దులూ ఉంగరాలూ ఇంట్లోనే పెట్టొచ్చామన్నారు. ఒక్కొక్కరి చెవులూ వేళ్ళూ తనే చూశాడు. చిలకమ్మ కూడా బోసి చెవులు చూపించింది. ముక్కుపుడక ఎవరికీ తట్టలేదు. మనవాళ్ళకి అది నగ కాదు కదా! ముక్కు ఎలాగో పుడక అలాగ. పుణ్యస్త్రీ మొహం మీదున్న దాన్ని వెంట తేవడమని ఎవరంటారు? నూకరాజుకి తట్టాలి నిజానికి. కానీ ముప్పై ఏళ్ళుగా ఆ రాయి వైపు చూడకుండా తప్పించుకోవడం అలవాటైన కళ్ళవి. ఆ రోజూ తప్పించుకున్నాయి.

పంతొమ్మిది మంది. టాటా, బిలాస్‌పూర్, కట్నీ, సత్నా. అక్కణ్ణుంచి బస్సు. దారి పొడుగునా చిలకమ్మ కిటికీ ఒదల్లేదు. అడవి వచ్చినా అడిగింది, కొండ వచ్చినా అడిగింది. "ఇక్కడేనా మావా?" "ఇంకా ముందు." దేముడి భార్య సింహాచలమ్మ, "కొత్త పెళ్ళికూతురికి కూడా ఇంత తొందరుండదమ్మా," అని ఏడిపించింది. చిలకమ్మ నవ్వి ముక్కుపుడక తడుముకుంది. నూకరాజు కిటికీ అవతలికి చూశాడు.

గేటు దగ్గర ముళ్ళకంచె, తుపాకీ పట్టుకున్న కాపలావాళ్ళు, ఒక మేజా, మేజా వెనక మీసాల హవల్దారు. పెద్ద పుస్తకంలో ఒక్కొక్కరి పేరూ రాయించి, వేళ్ళూ చెవులూ చూసి లోపలికి పంపుతున్నాడు. చిలకమ్మ వంతొచ్చింది. హవల్దారు కలం ఆపాడు.

"యే నాక్ మే క్యా హై? హీరా హై యా కాంచ్?" ముక్కున ఉన్నది వజ్రమా, గాజా అని.

"హీరా హై," అంది చిలకమ్మ, తల ఎత్తి.

హవల్దారు మర్యాదస్తుడే. అమ్మా, లోపల వజ్రాలు, మీ ముక్కున వజ్రం, బయటికొచ్చేటప్పుడు ఏది ఎవరిదో నేనెలా తేల్చను అన్నాడు. తీసి ఇక్కడ పెట్టి వెళ్ళండి, చీటీ ఇస్తానన్నాడు. సింహాచలమ్మ మర తిప్పబోయింది. తిరగలేదు. కొబ్బరినూనె రాసి మళ్ళీ తిప్పితే నెత్తురు చిమ్మింది. "ఒగ్గీ సింహాచలం," అంది చిలకమ్మ కళ్ళు తుడుచుకుని. "ముప్పై ఏళ్ళుగా తియ్యనేదు. ఇప్పుడేటి వస్తాది?"

"కాంచ్ అయితే అభ్యంతరం లేదు. హీరా అయితే మాత్రం అమ్మగారు బయటే కూర్చోవాలి," అన్నాడు హవల్దారు హిందీలో, నూకరాజు వైపు చూసి. నూకరాజు ఆ చూపు తప్పించాడు.

చిలకమ్మ గేటు పక్కన బల్ల మీద కూర్చుంది. ఏడవలేదు, గొడవ పెట్టలేదు. "ఎల్లు మావా," అంది. "మంది నీ కోసం సూస్తన్నారు. నువ్వు బాగా సూసొచ్చి నాకు సెప్పు. నాను సూసినట్టే. దీన్ని కాపాడ్డానికి నువ్వు బస్తాలు మోసినావు, దీనికోసం నాను ఒక పూట బయట కూకోలేనేటి?"

నూకరాజు సరేనని తలూపాడు. గేటు దాటి నడిచాడు. అవతల ఏదో పెద్ద యంత్రం గురగురమంటోంది, నేల అదురుతోంది. దేముడు ముందు నుంచి "రారా నూకా!" అని కేకేస్తున్నాడు. పది అడుగులు వేశాడు. ఇంతకాలం ఎవరెవరికో ప్రపంచం చూపిస్తూ తిరిగాడు. తనవాళ్ళలో చూడాలని అడిగిన ఒక్క మనిషి, అతను చెప్పిన అబద్ధాన్ని ముక్కుకి పెట్టుకుని, గేటు బయట కూర్చుంది. వెనక్కి తిరిగాడు.

"కాంచ్ హై, సాబ్," అన్నాడు హవల్దారుతో.

చిలకమ్మ నవ్వింది. "నానూ రావాలని అబద్ధవాడకు మావా. పాపం తగుల్తాది."

"అబద్ధం కాదే. అబద్ధం అప్పుడాడినాను. పెళ్ళిలో." అతను బల్ల ముందు నేల మీద చతికిలబడ్డాడు. "అది గాజు, చిలకా. గోల్ బజార్లో కొన్నాను. మీ మేనత్త మూతి ఇరిసిందని నోరు జారినాను. ఆ తరవాత సెప్పనేకపోనాను."

పదిహేడు మంది వింటున్నారు. దేముడు అప్పటికి వెనక్కి వచ్చాడు.

చిలకమ్మ చెయ్యి మెల్లగా ముక్కు దాకా వెళ్ళి ఆగింది. "మరి బస్తాలు మోసినావు కదా?"

"అమ్మడానికెల్తే కంసాలి సెప్పేస్తాడని. నీకు తెలిసిపోద్దని బయ్యం. అందుకే మోసినాను. రవ్వ కోసం కాదు."

చిలకమ్మ అతని మొహంలోకి చూసింది. తర్వాత లేచి, చీర కుచ్చెళ్ళు దులుపుకుని, కొంగు బిగించి, అతన్ని దాటుకుని మేజా దగ్గరికి వెళ్ళింది.

"రాసుకో బాబూ," అంది. "కాంచ్."

గని అంచున అందరూ ఒక వరసలో నిలబడ్డారు.

కొండ నడినెత్తిన ఎవరో తవ్వి పెట్టిన గుండ్రటి పాతర అది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మొత్తం చుట్టచుట్టి పడేసినా మిగులుతుంది. పైన పసుపు మట్టి, కిందికి పోయే కొద్దీ ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు రాయి, మెట్లు మెట్లుగా దిగిపోతోంది. అట్టడుగున లారీలు చీమల్లా తిరుగుతున్నాయి. లోపల్నుంచి వచ్చే గాలికి రాతి వాసన ఉంది, తడి వాసన ఉంది.

అక్కడి ఇంజనీరు ఘోష్‌బాబు బెంగాలీ కుర్రాడు. ఖరగ్‌పూర్ నుంచి వచ్చారని తెలిసి ప్రాణం లేచొచ్చి బెంగాలీలోనే మాట్లాడాడు. మనవాళ్ళకీ అదే సుఖం.

"ఇది మేం తవ్విన గొయ్యి అనుకుంటున్నారా? కాదు దాదా," అన్నాడు. "ఇది గొట్టం. మనిషన్నవాడు పుట్టక ముందు, చెట్టూ పిట్టా కూడా పుట్టక ముందు, భూమి కడుపులోంచి నిప్పు పైకి తన్నుకొచ్చింది. ఆ నిప్పు దారి ఇది. వస్తూ వస్తూ లోతుల్లో ఉన్న వజ్రాల్ని మోసుకొచ్చింది. తర్వాత చల్లారి రాయైంది. మేం ఆ దారినే కిందికి దిగుతున్నాం. ఎంత లోతుందో మాకూ తెలీదు."

కొలిమి ముందు ముప్పై ఏళ్ళు నిలబడిన దేముడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఓలి నాయినో! మన కాళ్ళ కింద అంత కొలిముందేట్రా!" అన్నాడు. అన్నాక తన కాళ్ళ వైపు చూసుకుని, చెప్పులు విప్పేశాడు. అతన్ని చూసి ఒకరొకరుగా అందరూ విప్పేశారు. ఎవరూ చెప్పలేదు. ఘోష్‌బాబు కూడా వద్దనలేదు.

చిలకమ్మ అంచు దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. "ఇంత తవ్వితే రోజుకి ఎన్ని రవ్వలొస్తాయి బాబూ?"

"నిన్న పొద్దుట్నుంచి తవ్విందంతా పిండి, కడిగి, జల్లిస్తే," ఘోష్‌బాబు బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించాడు, "ఇదిగో, ఒక్క చిటికెడు, మాసీమా." మాసీమా అంటే వాళ్ళ భాషలో పిన్ని.

లారీల వెంట లారీలు రాయి! ఒక్క చిటికెడు! వెనక నిలబడిన నూకరాజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భయం వల్లా సిగ్గు వల్లా కాదు. ఇంత భూమిని చిటికెడు వెలుగు కోసం గాలించే ఓపిక మనిషికి ఉందన్న సంగతి అతన్ని నిలువునా ఊపేసింది. భిలాయీ ఇనుమూ హీరాకుడ్ నీళ్ళూ దీని ముందు చిన్నవైపోయాయి.

తర్వాత కార్ఖానా. రాయిని నమిలి పారేసే యంత్రం చూశారు. ఊగే జల్లెడలు చూశారు. నీళ్ళ హోరులో ఒకరి మాట ఒకరికి వినిపించలేదు. పెద్ద రాళ్ళు కంకరయ్యాయి, కంకర గులకయింది. చివరికి ఒక చిన్న షెడ్డు, చుట్టూ ఇనుప వల, తలుపుకి తాళం. వల ఇవతల నిలబడి చూడొచ్చు, చెయ్యి పెట్టకూడదు.

లోపల ఏటవాలుగా ఒక బల్ల. అది వణుకుతోంది. బల్ల మీద వేలి మందాన పసుప్పచ్చటి పూత. నూకరాజు ముక్కుపుటాలు అదిరాయి. ఆ వాసన అతనికి తల్లి వాసనంత తెలుసు.

"గ్రీజు!" అన్నాడు.

"గ్రీజే," అన్నాడు ఘోష్‌బాబు. "చూస్తూ ఉండండి."

బల్ల పైఅంచు నుంచి నీళ్ళు పారుతున్నాయి, నీళ్ళతో పాటు గులక రాళ్ళు. నల్లవి, ఎర్రవి, తెల్లగా తళతళలాడేవి. అన్నీ జారి కింద తొట్టిలో పడిపోతున్నాయి. వందలు, వేలు. అంతలో ఒకటి ఆగింది. కందిగింజంత ఉంది. మెరుపూ లేదు, పాడూ లేదు, మురికి పటికబెల్లం ముక్కలా ఉంది. దాని మీంచి నీళ్ళు పారుతున్నాయి, పక్క రాళ్ళు కొట్టుకుంటూ పోతున్నాయి. అది మాత్రం గ్రీజులో కూరుకుని కదలడం లేదు.

"అదీ," అన్నాడు ఘోష్‌బాబు. అతను రోజూ చూసేదే. అయినా గొంతు తగ్గించాడు.

పంతొమ్మిది మంది వల మీదికి వంగారు.

"వజ్రాన్ని నీళ్ళు తడపలేవు. దానికి జిడ్డంటే ప్రాణం. జిడ్డు దొరికిందా, అంటుకుపోతుంది. తర్వాత గ్రీజు గీకి మరిగిస్తాం, అది కరిగిపోతుంది, వజ్రం మిగులుతుంది."

నూకరాజు రెండు చేతులతో వల పట్టుకున్నాడు. ఆ చేతుల్ని ఇన్నాళ్ళూ ఎంతమంది అసహ్యించుకోలేదు! బస్సులో పక్కవాడు జరిగేవాడు, హోటలువాడు గ్లాసు దూరం నుంచి తోసేవాడు. ఆ జిడ్డే! లోకంలో ఎవరి కంటికీ ఆనని రాయిని కనిపెట్టి పట్టుకోవడం ఆ జిడ్డుకి తెలుసు! లోపల గ్రీజు గీకే పనివాడు తలెత్తాడు. మోచేతుల దాకా పసుపు జిడ్డు. నూకరాజు రెండు చేతులూ జోడించాడు. అతను తన చేతులు చూసుకుని, ఇతని నల్లటి చేతులు చూసి, అర్థమైనట్టు నవ్వి, తనూ జోడించాడు.

"గాజైతే?" చిలకమ్మ గొంతు. గేటు దగ్గర్నుంచి ఆమె మొగుడితో మాట్లాడలేదు, ఇప్పుడూ ఘోష్‌బాబునే అడిగింది. "గాజు ముక్క ఈ బల్ల మీద ఏస్తే?"

"నీళ్ళతో కొట్టుకుపోతుంది, మాసీమా."

ఆమె తలూపింది. అందరూ కదిలిపోయాక కూడా కాసేపు ఆ బల్లనే చూస్తూ నిలబడింది.

సత్నా చేరేసరికి సాయంత్రమైంది. బస్సులో ఆమె సింహాచలమ్మ పక్కన కూర్చుంది. ప్లాట్‌ఫారం మీద దేముడు స్టవ్వు వెలిగించాడు. అందరూ ఒకటే కబుర్లు, నిప్పు గొట్టమంటారు, చిటికెడంటారు, గ్రీజంటారు. నూకరాజు మాత్రం దూరంగా సామాన్ల మీద కూర్చున్నాడు.

చిలకమ్మ పంపు దగ్గరికెళ్ళింది. "మావా, తువ్వాలట్రా," అని కేకేసింది. రోజూ షాపు నుంచి వచ్చిన మొగుణ్ణి పిలిచే గొంతే. అతను పరుగెత్తుకెళ్ళాడు.

ఆమె పంపు నిండుగా తిప్పి, దోసిళ్ళతో నీళ్ళు మొహాన కొట్టుకుంది. ఒకసారి కాదు, పది పన్నెండుసార్లు. జాకెట్టు తడిసింది, జుట్టు తడిసింది. తర్వాత మొహమెత్తింది.

"సూడు. ఉన్నాదా, పోనాదా?"

నూకరాజు చాలా ఏళ్ళ తర్వాత ఆ రాయి వైపు తిన్నగా చూశాడు. నీటి బొట్టుతో పాటు స్టేషను దీపం అందులో వెలుగుతోంది. "ఉన్నాది," అన్నాడు.

"ముప్పై ఏళ్ళుగా రోజూ కడుగుతన్నాను. నీల్లకి పోతాదని ఆ బాబు సెప్పినాడు. పోనేదే!" ఆమె గొంతులో కోపం ఉంది. "సచ్చినోడా, ముప్పై ఏళ్ళు నన్ను ఎర్రిదాన్ని సేసినావు. పంపు కాడ ఎంత ఇరగబడినాను! ఇప్పుడు నా మొకం ఎక్కడెట్టుకోను?"

అతను తల వంచుకున్నాడు. తువ్వాలు చాపిన చెయ్యి అలాగే ఉంది. చిలకమ్మ తువ్వాలు తీసుకోలేదు. ఆ చేతిని పట్టుకుని, గోళ్ళ నలుపు చూసి, దగ్గరికి లాగింది.

"ముట్టు," అంది. "ఇన్నాళ్ళూ ముట్టనివ్వనేదు, మసకబారిపోద్దని. గాజేగా! ఇప్పుడేటవుతాది, ముట్టు."

నూకరాజు నల్లటి వేలు ఆమె ముక్కు మీద రాయిని తాకింది. చల్లగా ఉంది. అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. దేముడు చూసి కూడా ఏడిపించలేదు. టీ గ్లాసులు రెండు అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు.

ఖరగ్‌పూర్‌లో కథ వాళ్ళకన్నా ముందే దిగింది. పదిహేడు నోళ్ళుంటే ఎలా ఆగుతుంది? నూకరాజు రెండు రోజులు షాపుకి దొడ్డిదారిన పోయాడు. మూడో రోజు పొద్దున్న చిలకమ్మ బిందె పట్టుకుని పంపు దగ్గరికి వెళుతుంటే, తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాడు.

అనుకున్నంతా అయింది. "ఏటి చిలకమ్మా, నీది గాజు రాయంట కదా!" అంది ఎవరో. ఆడవాళ్ళందరూ ఇటు తిరిగారు.

చిలకమ్మ బిందె పంపు కింద పెట్టింది. ఎప్పటిలాగే మొహం ఎండకి తిప్పింది.

"గాజే," అంది. "వజ్రానికైతే బస్తాలు ఎవడైనా మోస్తాడు. మా మావ గాజు రాయికి మోసినాడు, నాలుగు నెలలు, నా మనసు ఇరిగిపోద్దని. మీ మొగుళ్ళలో ఎవరైనా ఉంటే సెప్పండి."

బిందె నిండింది. ఆమె దాన్ని చంకనెత్తుకుని, "ఒచ్చే ఏడు ఏ ఊరు మావా?" అని దారిలోంచే కేకేస్తూ ఇంటికొచ్చింది.